మూడు గంటల ఇరవై నిమిషాలు: ఎన్నేళ్లలో?

మారథాన్ పరుగు గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిది ఆలస్యం చేయకూడని విషయం కాబట్టి వరస మార్చి ముందు పెట్టాను. ఆ పాఠకుడికి విడిగా కూడా రాశాను. ఇలాంటి లక్షణమే ఉండి ఎవరికీ చెప్పకుండా పరిగెడుతున్నవాళ్లు ఇంకా ఉంటారన్న భయంతో మళ్లీ ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. ఇంకో మూడు వారాల్లో మారథాన్ ఉంది. నెల రోజులుగా పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది. కాస్త మెల్లగా పరిగెడితే అదే సర్దుకుంటోంది. ఆ తర్వాత 20 కిలోమీటర్లయినా హాయిగా వెళ్లగలుగుతున్నాను. ఏడాది కిందట తీయించిన ఈసీజీ నార్మల్. గ్యాస్ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకండి. ఇవాళ్టి నుంచి పరుగు ఆపేయండి. ఈ వారంలోనే గుండె డాక్టరును కలవండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఛాతీ పట్టేసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి ఊపిరి ఆడనట్టు ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీకు ధైర్యం ఇస్తున్న రెండు విషయాలూ నమ్మదగినవి కావు. పరుగు సాగేకొద్దీ నొప్పి తగ్గిపోవడం గుండె రక్తనాళాలు సన్నబడినవాళ్లలో కూడా జరుగుతుంది. ఇక పడుకోబెట్టి తీసిన ఈసీజీ, గుండె విశ్రాంతిగా ఉన్నప్పటి సంగతి మాత్రమే చెబుతుంది. 35 దాటిన క్రీడాకారుల్లో హఠాన్మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఈ రక్తనాళాల జబ్బే. డాక్టరు దగ్గర 'అప్పుడప్పుడు కొంచెం నొప్పి' అని సరిపెట్టకండి. ఎన్నో నిమిషంలో వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, వేగం తగ్గిస్తే ఏమవుతోంది అన్నది నాకు రాసినంత వివరంగా చెప్పండి. ఏ పరీక్ష చేయాలో ఆ వివరాన్ని బట్టే తేలుతుంది. మూడు వారాల తర్వాత రేసుకు మాత్రం వెళ్లొద్దు. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని బతిమాలుతున్నాను.

ప్రశ్న: నా వయసు 48. పరుగు మొదలుపెట్టి ఐదేళ్లయింది. నాలుగు మారథాన్‌లు పూర్తిచేశాను, బెస్ట్ టైమ్ 3:58. హాఫ్ మారథాన్‌లో 1:47. నాకు 50 వచ్చేసరికి అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు క్వాలిఫై కావాలని పట్టుదల. అంటే 3:20లో పూర్తిచేయాలి. అందుకు ఏడాది గడువు పెట్టుకున్నాను. వారానికి ఐదు రోజులు, మొత్తం 45 కిలోమీటర్లు. రోజూ కిలోమీటరుకు 5:25 (5 నిమిషాల 25 సెకన్లు) వేగంతోనే వెళ్తాను. అంతకన్నా మెల్లగా వెళ్తే టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. 3:58 వచ్చిన పోయిన రేసులో సగం దూరం 1:50లో దాటాను. 33వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేశాయి, అక్కణ్నుంచి నడుస్తూ, పరిగెడుతూ పూర్తిచేశాను. మొత్తం మీద రెండు ఎనర్జీ జెల్‌లు తీసుకున్నాను. రెండు చిన్న సందేహాలు కూడా ఉన్నాయి. వాచీలో నా గరిష్ఠ గుండె వేగం 172 అని ఉంది, రేసులో 181 చూపించింది. వాచీ తప్పా? పొద్దున లేవగానే మడమ పైన బిగుసుకుపోయి నొప్పిగా ఉంటోంది, పది అడుగులు వేస్తే పోతోంది. పట్టించుకోవాలా? ఈ వయసులో అంత ఆశ ఎందుకని మా వాళ్లంతా అంటున్నారు.

జవాబు: ఆశలో తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా ఆ ఏడాది గడువు మీదే. ఎందుకో మీరు ఇచ్చిన అంకెలతోనే చెబుతాను.

3:58 అంటే కిలోమీటరుకు 5:38. 3:20 అంటే 4:44. కిలోమీటరుకు 54 సెకన్లు తగ్గాలి. పైగా 3:20 వస్తే చాలదు. బోస్టన్‌కు అర్హత సాధించినవాళ్లు చోటుకు మించి దరఖాస్తు చేస్తే, అర్హత సమయం కన్నా ఎంత ఎక్కువ వేగంగా ఉన్నారో చూసి తీసుకుంటారు. 2025 రేసుకు ఆ తేడా కనీసం 6 నిమిషాల 51 సెకన్లు కావాల్సి వచ్చింది. 2026కు అర్హత సమయాన్నే బిగించారు. మీరు చూసిన 3:20 అప్పుడు వచ్చిందే, అంతకుముందు మగవాళ్ల 50-54 విభాగానికి 3:25 ఉండేది. అలా బిగించాక కూడా ఇంకో 4 నిమిషాల 34 సెకన్లు తక్కువలో ఉన్నవాళ్లకే చోటు దొరికింది. కాబట్టి మీరు మనసులో పెట్టుకోవాల్సిన అంకె 3:14.

అంత దూరంలో ఉన్నదానికి ఏడాది ఎక్కడ సరిపోతుంది? కానీ మీరు గమనించని మంచి సంగతి ఒకటి ఉంది. 50-54 విభాగం అంటే మీ చేతిలో ఐదేళ్లు. బోస్టన్ రేసు రోజున మీ వయసు ఎంతో అదే లెక్క. 50లో సాధించినా, 53లో సాధించినా దాటాల్సిన గీత ఒకటే. 50వ పుట్టినరోజుకే కావాలన్న తొందర మీరు పెట్టుకున్నది, బోస్టన్ వాళ్లు పెట్టింది కాదు.

ఇప్పుడు మీ 1:47 సంగతి. హాఫ్ టైమ్ నుంచి ఫుల్ మారథాన్ అంచనా కట్టడానికి పీట్ రీగల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో ఇచ్చిన లెక్క ఒకటి చాలామంది వాడతారు. దాని ప్రకారం దూరం రెట్టింపైతే సమయం సుమారు 2.085 రెట్లు అవుతుంది. మీ 1:47కు 3:43 వస్తుంది. మీరు పరిగెత్తింది 3:58లో. ఈ 15 నిమిషాలు ఎక్కడ పోయాయి? 33 దాటాక నడిచిన దారిలో పోయాయి. వేగం పెంచకుండానే, ఉన్న వేగాన్ని చివరిదాకా నిలబెట్టుకుంటేనే అవి తిరిగొస్తాయి. ముందు వాటిని తెచ్చుకోండి.

33 దగ్గర ఏం జరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. మీ జీవితంలో బెస్ట్ హాఫ్ 1:47 అయితే, ఫుల్ మారథాన్‌లో మొదటి సగాన్ని 1:50లో దాటారు. రీగల్ లెక్క చెప్పే 3:43కు కూడా అది ఎక్కువ వేగమే. ఆ లెక్క కూడా బాగా కిలోమీటర్లు పోగుచేసినవాళ్లకే వర్తిస్తుంది, వారానికి 45 చేసేవాళ్ల విషయంలో అది కాస్త ఆశపెడుతుంది. ఇక నాలుగు గంటల్లో రెండు జెల్‌లంటే దాదాపు 50 గ్రాముల కార్బోహైడ్రేట్లు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (కార్బోహైడ్రేట్ల నిల్వ) ఆ వేగంలో 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. గంటకు 60 గ్రాముల వరకు లోపలికి పంపాలి, అంటే సుమారు 25 నిమిషాలకు ఒక జెల్. రేసు రోజున ఒక్కసారిగా మొదలుపెడితే కడుపు తిరగబడుతుంది. లాంగ్ రన్‌లలో నెలల ముందు నుంచే అలవాటు చేయాలి. పిక్కలు పట్టేయడానికి ఉప్పు తగ్గడమే కారణమని చాలామంది అంటారు. నా అనుభవంలో అలవాటు లేని వేగంతో అలసిపోయిన కండరమే ఎక్కువగా పట్టేస్తుంది.

రోజూ 5:25 వేగం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మీ హాఫ్ మారథాన్ రేసు వేగం 5:04. రోజువారీ పరుగు దానికి 21 సెకన్ల దూరంలోనే ఉంది. అంటే వారంలో ఐదు రోజులూ సగం రేసే. శరీరం కోలుకునేంత తేలికా కాదు, వేగం పెంచేంత కష్టమూ కాదు. 25 ఏళ్ల కుర్రాడు దీన్ని తట్టుకుని నిలబడొచ్చు. మనకు కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి పడిన దెబ్బ పూర్తిగా మానకముందే మరోటి పడుతుంది. మామూలు రోజుల్లో 6:15 నుంచి 6:45 మధ్య వెళ్లండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, అదే కొలత. వారానికి రెండే కష్టమైన రోజులు. ఒకటి టెంపో పరుగు (కష్టంగా ఉన్నా నిలబెట్టుకోగలిగే వేగంతో), రెండోది లాంగ్ రన్. మెల్లగా వెళ్తేనే వారానికి 60, 65 కిలోమీటర్లకు చేరగలరు.

టైమ్ వేస్ట్ అనిపిస్తే కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్‌ను గుర్తుచేసుకోండి. ఇంటి దగ్గరి శ్మశానవాటిక దారుల్లో రోజుకు మూడు గంటల దాకా మెల్లగా చుట్లు కొట్టేవారు. 2004లో 73 ఏళ్ల వయసులో మారథాన్ 2:54:48లో పూర్తిచేశారు. 85 ఏళ్లప్పుడు 3:56:34, అంటే మీ ఇప్పటి బెస్ట్ కన్నా తక్కువ. ఆయన తరచూ చిన్న రేసుల్లో వేగంగా పరిగెత్తేవారు, అదీ మర్చిపోకూడదు. కానీ కిలోమీటర్లలో ఎక్కువ భాగం మెల్లగానే గడిచాయి. మీ వాళ్లు ఈ వయసులో ఎందుకంటే ఈ అంకెలు చూపించండి చాలు.

వాచీ చూపించే 172 అనేది 220 లోంచి వయసు తీసేసిన లెక్క. 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేసే లెక్క మరొకటి ఉంది, దాని ప్రకారం మీకు 174. రెండూ జనం మొత్తం మీద సగటులే. ఒక మనిషికి పది బీట్‌లు అటూ ఇటూ ఉండటం మామూలే. కాబట్టి 181 నిజమే కావచ్చు. కానీ దాన్ని కూడా వెంటనే నమ్మకండి. మణికట్టు మీది సెన్సర్ ఒక్కోసారి గుండె చప్పుడుకు బదులు అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి 175, 180 అడుగులు వేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్‌తో ఒకసారి సరిచూసుకోండి. 48 ఏళ్లకు శిక్షణ పెంచబోతున్నారు కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకుని, అవసరమంటే డాక్టరు పర్యవేక్షణలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. గరిష్ఠ గుండె వేగం కూడా అక్కడే దాదాపు తెలిసిపోతుంది.

ఇప్పుడు మడమ. మీరు చివర్లో చిన్న సందేహంలా అడిగారు, నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో ఇదే పెద్దది. పొద్దున్నే బిగుసుకుని, నాలుగడుగులు వేస్తే వదిలే నొప్పి ఎకిలీస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమకు కలిపే గట్టి నరంలాంటి పట్టీ) అరుగుదలకు తొలి గుర్తు. శిక్షణ పెంచితే గుండె, ఊపిరి కొన్ని వారాల్లో అలవాటుపడతాయి. టెండన్‌కూ ఎముకకూ నెలలు పడుతుంది. నడివయసులో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఊపిరి బాగుంది కదా అని కాళ్లను ఉరికిస్తాం, కాళ్లు తెగేదాకా తెలియదు.

ఇది నాకు నా కాలి మీదే తెలిసింది. 46 ఏళ్లప్పుడు నా మొదటి మారథాన్ 4:36. మూడేళ్ల తర్వాత ఆరు నెలల్లో నాలుగు గంటల లోపుకు రావాలని పంతం పట్టాను. వారానికి 40 కిలోమీటర్ల నుంచి ఐదు వారాల్లో 70కి వెళ్లాను. మోకాలి కింద కాలి ఎముక లోపలి వైపు వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి ఉండేది. ఓర్చుకోవడం కూడా శిక్షణే అనుకుని నెల రోజులు దాని మీదే పరిగెత్తాను. చివరికి స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి చీలిక) అని తేలింది. 11 వారాలు పరుగు లేదు. నేను కోల్పోయింది ఆ 11 వారాలే కాదు, మళ్లీ పాత స్థితికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నాలుగు గంటల లోపు వచ్చింది 53లో, 3:51తో. ఆ ఏడాది నేను చేసిన గొప్ప వర్కవుట్ ఏదీ లేదు. ఒక్క వారం కూడా పూర్తిగా ఆగిపోలేదు, అంతే. మీరు నాలాగా మధ్యలో ఏళ్లు పోగొట్టుకోకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టెండన్‌కు విశ్రాంతి ఒక్కటే చాలదు, క్రమంగా బరువు మోయడం నేర్పాలి. స్వీడన్ డాక్టరు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన వ్యాయామం ఇప్పటికీ పనికొస్తుంది. మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడాలి. రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. మోకాలు తిన్నగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, కొంచెం వంచి మరో మూడుసార్లు. పొద్దున, సాయంత్రం. 12 వారాలు. తేలికయ్యాక వీపు సంచిలో బరువు పెంచుకుంటూ పోవాలి. ఒక జాగ్రత్త: నొప్పి టెండన్ మధ్యలో కాకుండా మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మెట్టు కిందికి దించొద్దు, సమంగా ఉన్న నేల మీదే చేయండి. రోజూ పొద్దున బిగుతుకు పదికి ఎన్ని మార్కులో రాసుకోండి. నిన్నటి కన్నా పెరిగితే నిన్న చేసింది ఎక్కువైందన్నమాట. అది తగ్గేదాకా కొండ పరుగులూ స్పీడ్ వర్కవుట్లూ వద్దు. ఇంకో మాట. సిప్రోఫ్లోక్సాసిన్, లివోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు టెండన్‌ను బలహీనపరచగలవు. ఎప్పుడైనా జ్వరానికో ఇన్‌ఫెక్షన్‌కో డాక్టరు దగ్గరికి వెళ్తే, మీకు ఎకిలీస్ నొప్పి ఉందని, పరిగెడతారని ముందే చెప్పండి.

మరి ఏళ్లు ఎలా పంచుకోవాలి? మొదటి మూడు నెలలు మడమకే. 45 కిలోమీటర్లు అలాగే ఉంచి, వేగం మాత్రం తగ్గించండి. ఆ తర్వాత మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం తగ్గిస్తూ 60 దాకా. వారానికి రెండుసార్లు బరువులతో కాళ్ల వ్యాయామం, అదీ కష్టమైన పరుగు ఉన్న రోజు సాయంత్రమే. అప్పుడు తేలిక రోజు నిజంగా తేలికగా మిగులుతుంది. ఆ ఏడాది రేసులో మొదటి సగం 1:53కు తక్కువ కాకుండా దాటి, 3:45 లోపు నడవకుండా పూర్తిచేయండి. రెండో ఏడాది 70 కిలోమీటర్లు. లాంగ్ రన్ చివరి 10, 12 కిలోమీటర్లు మారథాన్ వేగంతో. హాఫ్ 1:40 వస్తే ఫుల్ 3:30 చేతికందుతుంది. 3:14 కోసం హాఫ్ 1:33 కావాలి. అది మూడో ఏడాదో నాలుగో ఏడాదో, మీ శరీరం చెబుతుంది. రాకపోవచ్చు కూడా, అందరికీ వస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ వయసుతో తగ్గే ఆక్సిజన్ సామర్థ్యం, విడవకుండా శిక్షణ చేసేవాళ్లలో చాలా నెమ్మదిగా తగ్గుతుంది. మీరు పరుగులోకి వచ్చి ఐదేళ్లే, మీలో ఇంకా పెరగాల్సింది చాలా ఉంది.

ప్రశ్న: నాకు 53. నెలసరి ఆగి ఏడాది దాటింది. రెండేళ్ల కిందట మారథాన్ 4:19లో చేశాను, నాలుగు గంటల లోపు పరిగెత్తాలన్నది నా కల. ఈ ఏడాది అదే శిక్షణ చేస్తున్నా కిలోమీటరుకు 20 సెకన్లు వెనకబడ్డాను. రాత్రి వేడి ఆవిర్లతో మూడుసార్లు మెలకువ వస్తుంది. బరువు పెరుగుతున్నానని తిండి తగ్గించాను. ఇక చాలని శరీరం చెబుతోందా మేడమ్?

జవాబు: చాలని చెప్పడం లేదు. తిండీ నిద్రా అడుగుతోంది. మీ ఉత్తరం చదువుతుంటే నా 51వ ఏడాది గుర్తొచ్చింది. అప్పుడు నాకూ ఇదే టెన్షన్.

ముందు తిండి తగ్గించడం ఆపండి. ఈస్ట్రోజెన్ తగ్గిన దశలో ఎముక పలచబడుతుంది, కండ కరుగుతుంది. అదే సమయంలో పరుగుకు చాలినంత తినకపోతే రెండూ వేగంగా జరుగుతాయి. ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాములు, ఒకే పూట కాకుండా పంచుకుని తీసుకోండి. రెండో పని పరీక్షలు: హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి, ఎముక సాంద్రతకు డెక్సా స్కాన్. హిమోగ్లోబిన్ నార్మల్‌గా ఉండి ఫెరిటిన్ మాత్రమే పడిపోయినప్పుడు కూడా వేగం ఇలాగే జారుతుంది. వేడి ఆవిర్లను ఓర్చుకోవాల్సిన పని లేదు. హార్మోన్ చికిత్సతో సహా దారులున్నాయి, మీకు ఏది సరిపోతుందో గైనకాలజిస్టుతో మాట్లాడండి.

శిక్షణలో మార్చాల్సింది ఏడు రోజుల చక్రం. వారం అన్నది క్యాలెండర్ సౌకర్యం, కండరాలకు ఆ లెక్క లేదు. టెంపో, లాంగ్ రన్, కొండ పరుగు మూడింటినీ పది రోజుల్లో సర్దండి. నిద్ర పట్టని రాత్రి తర్వాత కష్టమైన పరుగును మర్నాటికి జరపండి, వదిలేయకండి. తేలిక పరుగు చివర 20 సెకన్ల చొప్పున ఆరేడు వేగపు పరుగులు చేర్చండి. బరువులు ఎత్తేటప్పుడు పది సార్లకు మించి ఎత్తలేనంత బరువు తీసుకోండి, కానీ పద్ధతి తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకున్నాకే. చేతిలో చిన్న డంబెల్స్‌తో యాభై సార్లు ఊపితే ఎముకకు ఏమీ అందదు.

నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5:41. మీ 4:19 అంటే 6:08. తేడా 27 సెకన్లు. జపాన్‌లో మరికో యుగెటా అనే వ్యాయామ ఉపాధ్యాయురాలు 24 ఏళ్లప్పుడు మారథాన్ మొదలుపెట్టి, మూడు గంటల లోపు పరిగెత్తాలనుకున్నారు. అది 58 ఏళ్లకు సాధ్యమైంది. 2019లో 2:59:15తో, 60 దాటాక మూడు గంటల లోపు పరిగెత్తిన మొదటి మహిళ అయ్యారు. 2021లో దాన్ని 2:52:13కు తగ్గించారు. నెలసరి ఆగే వయసు ఆమెకూ ఆ మధ్యలోనే వచ్చి ఉంటుంది.

ఈ సీజన్‌లో రేసు పెట్టుకోకండి. పరీక్షలు చేయించుకుని, నాలుగు నెలలు కడుపునిండా తిని, బరువులు ఎత్తి మళ్లీ రాయండి. రాసేటప్పుడు ఫెరిటిన్ ఎంతుందో, ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలుగుతున్నారో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో తప్పకుండా చెప్పండి. అప్పుడు 5:41కు ఎలా వెళ్లాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.